తలకు దెబ్బ తగిలిన విద్యార్థి: క్లాసులో ఏం చెప్పాలి?

ప్రశ్న: నేను డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెబుతాను. ఫైనలియర్ అబ్బాయి ఒకడు పోయినేడాది బైక్ మీంచి పడి, తలకు ఆపరేషన్ అయ్యి, ఇప్పుడు మళ్లీ క్లాసుకు వస్తున్నాడు. చూడ్డానికి బాగానే ఉన్నాడు కాబట్టి తోటివాళ్లు ‘యాక్టింగ్’ అంటున్నారు. ప్రిన్సిపాల్ గారు అవగాహన క్లాసు పెట్టమన్నారు. ఆ గాయంతో బతకడం ఎలా ఉంటుందో పిల్లలకు ఎలా చెప్పాలి? అతన్నే మాట్లాడమనొచ్చా?
– ఒక లెక్చరర్, రాజమహేంద్రవరం

జవాబు: మేడమ్, మెదడు బొమ్మ వేయండి గానీ పది నిమిషాల్లో ముగించండి. పుర్రె లోపల ముందువైపూ, కణతల దగ్గరా ఎముక గరుగ్గా ఉంటుంది, తల ఒక్కసారిగా ఆగినప్పుడు మెదడు దానికి ఒరుసుకుంటుంది, అందుకే చాలాసార్లు కోపం ఆపుకోవడం, పని మొదలుపెట్టడం, కొత్త విషయం గుర్తుంచుకోవడం వంటివే దెబ్బతింటాయి. లోపలి సన్నని నరాల పోగులు సాగి తెగినా సీటీ స్కాన్‌లో ఒక్కోసారి ఏమీ కనపడదు. “స్కాన్ నార్మలే కదా” అనేవాళ్లకు ఇది చెబితే చాలు.

ఫినియాస్ గేజ్ కథ మీరు ఎలాగూ చెబుతారు, 1848లో అమెరికాలోని వెర్మాంట్‌లో రైలు మార్గం పనిలో ఇనుప కడ్డీ తలలోంచి దూసుకుపోయిన మనిషి. మనవాళ్లు ‘మనిషే మారిపోయాడు’ అని అక్కడితో ఆపేస్తారు. ఆ తర్వాత అతను చిలీ వెళ్లి ఏళ్ల తరబడి ప్రయాణికుల గుర్రబ్బండి తోలాడు. రోజూ ఒకే క్రమంలో సాగే ఆ పనే అతను కుదుటపడడానికి తోడ్పడి ఉంటుందని కొందరు పరిశోధకుల అభిప్రాయం. నన్నడిగితే పిల్లలు వినాల్సింది ఆ రెండో సగమే.

తర్వాత మామూలు రోజు గురించి చెప్పండి. “యూనిట్ త్రీ రికార్డు అట్ట వేసి గురువారం లోపు స్టాఫ్ రూంలో ఇవ్వండి” అని మీరు ఒక్క ముక్కలో అనేస్తారు. ఫ్యాన్ చప్పుడు, వెనక బెంచీ గుసగుసల మధ్య అతను ‘యూనిట్ త్రీ’ రాసుకునేలోపు మిగతాదంతా ఎగిరిపోతుంది. పక్కన ఇద్దరిని గట్టిగా మాట్లాడమని, ఇలాంటి వాక్యాలు నాలుగు వినిపించి, ఐదు నిమిషాలాగి రాయమనండి. ఆ ఒక్కటి చాలు. కళ్లకు గంతలు కట్టే ఆటల్లాంటివి పెడితే ‘అయ్యో పాపం’ తప్ప ఏమీ మిగలదు.

అతను మాట్లాడొచ్చా అంటే, తనకు ఇష్టమైతేనే, అదీ ప్రిన్సిపాల్ ముందు కాకుండా విడిగా అడగండి. ఒప్పుకుంటే పొద్దున పూటే పెట్టండి, మధ్యాహ్నానికి అలసట కమ్మేస్తుంది. ఇరవై నిమిషాలు చాలు. ప్రశ్నలు ముందే చీటీల మీద తీసుకుని ఇస్తే, జవాబు చెప్పాలనుకున్నవి అతనే ఏరుకుంటాడు. ఇంట్లోవాళ్లు వచ్చినా పక్కనుంచి జవాబులు అందించకూడదు. బయటి నుంచి వచ్చే వక్తకు శాలువా, కవరు ఇస్తారు కదా, ఇతనికీ ఇవ్వండి. వద్దంటే బలవంతం చేయొద్దు. పేరు ఎత్తకపోయినా ఎవరి గురించో అందరికీ తెలిసిపోతుంది కాబట్టి, మీరేం చెప్పబోతున్నారో ముందు అతనికి చెప్పండి.

హెల్మెట్ పాఠం అదే రోజు పెట్టకండి. వెనక కూర్చున్నవాళ్లకూ హెల్మెట్ తప్పనిసరే, కానీ అతని ఎదుట ఆ ఉపన్యాసం ఇస్తే ‘నీ తప్పే’ అన్నట్టుంటుంది. 2016 వైకల్య చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో తల గాయం విడిగా లేదు, దాని వల్ల వచ్చిన లోపాన్ని బట్టే వైకల్య సర్టిఫికెట్ ఇస్తారు. ఇంటర్నల్స్‌లో కాస్త ఎక్కువ టైమ్ ఇవ్వడానికి మాత్రం ఆ కాగితం దాకా ఆగాలా?

ప్రశ్న: యాక్సిడెంట్ అయ్యాక మా ఫ్రెండ్ చిన్నదానికే అరుస్తున్నాడు, గంటకల్లా మామూలుగా ఉంటాడు. టెన్షన్‌గా ఉంది. మా బ్యాచ్‌లో వాణ్ని తప్పించుకు తిరుగుతున్నారు.
– డిగ్రీ విద్యార్థి, వరంగల్

జవాబు: తప్పించుకోకండి బాబూ, పద్ధతి మార్చండి. పదిమంది కలిసి క్యాంటీన్‌లో కాకుండా ఇద్దరు ముగ్గురు ప్రశాంతంగా ఉన్నచోట కలవండి. అరుపు మొదలైతే వాదించకుండా పది నిమిషాలు పక్కకెళ్లి, చల్లబడ్డాక “ఇందాక ఇలా అన్నావురా” అని సూటిగా చెప్పు, తను అంతగా అరిచినట్టు వాడికి నిజంగానే తెలియకపోవచ్చు. మందు పార్టీకి పిలవొద్దు. ఫిట్స్ నెలల తర్వాత కూడా రావచ్చు కాబట్టి డాక్టర్ సరేననే దాకా బైక్ తాళం వాడి చేతికివ్వొద్దు. తలనొప్పి పెరిగిపోతున్నా, వాంతులవుతున్నా, లేపినా లేవనంత మత్తుగా ఉన్నా వెంటనే 108కి ఫోన్ చెయ్యి.