కోడ్ లేదు, కారు మాత్రం వణుకుతోంది

ప్రశ్న: మాది పదిహేనేళ్ల నాటి పెట్రోల్ కారు. పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఇంజిన్ వణుకుతుంది, యాక్సిలరేటర్ తొక్కితే ఎక్కిళ్లు పెట్టి ఆగిపోతుంది. పది నిమిషాలు నడిచాక ఏ గొడవా ఉండదు. కారు కంప్యూటర్‌లోని లోపాలు చదివే బ్లూటూత్ స్కానర్ కొని, కారు పోర్టుకు తగిలించి ఫోన్‌లో చూశాను. ఒక్క ఎర్రర్ కోడ్ కూడా రాలేదు. స్కానర్ పనికిరానిదా? యాప్ స్క్రీన్‌షాట్లు పంపుతున్నాను.

జవాబు: కారు పేరు మార్చుకుని ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. స్కానర్‌ది తప్పేం కాదు. కోడ్ లేకపోతే జబ్బు లేదనుకోవడమే తప్పు.

పొగగొట్టంలో ఉండి పెట్రోల్ ఎక్కువ తక్కువలు పట్టుకునే ఆక్సిజన్ సెన్సర్ పనిలోకి దిగాలంటే దాదాపు 300 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. అప్పటిదాకా పెట్రోల్ ఎంత పోయాలో కంప్యూటర్ చాలావరకు ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం (కూలెంట్) వేడి చెప్పే టెంపరేచర్ సెన్సర్ మాట నమ్మి లెక్కేస్తుంది. అసలు వేడి 20 డిగ్రీలుంటే ఆ సెన్సర్ 60 అని చెప్పిందనుకోండి. 60 జరగరాని అంకేం కాదు, పాత కార్లలో చాలావాటికి దాన్ని అనుమానించే తెలివి లేదు. కోడ్ పడదు, పెట్రోల్ తగ్గుతుంది, ఇంజిన్ వణుకుతుంది. బండి వేడెక్కాక సెన్సర్ అబద్ధం నిజానికి దగ్గరగా వచ్చేస్తుంది. మిగిలిన తేడాను అప్పటికి మేలుకున్న ఆక్సిజన్ సెన్సర్ సర్దుతుంది.

రాత్రంతా ఆపి ఉంచిన కారులో, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా కీ ఆన్ చేసి యాప్‌లో లైవ్ డేటా, అంటే సెన్సర్లు అప్పటికప్పుడు చెప్పే అంకెలు, తెరవండి. కూలెంట్ వేడి, ఇంజిన్‌లోకి వెళ్లే (ఇన్‌టేక్) గాలి వేడి ఇంచుమించు ఒకటే ఉండాలి. ఒకటి 51, ఇంకోటి 24 ఉంటే దొంగ దొరికినట్టే. కూలెంట్ -40 చూపిస్తే కనెక్షన్ తెగి ఉండొచ్చు, ముందు సెన్సర్ ప్లగ్, వైరు చూడండి. రెండూ సరిపోతే ఇన్‌టేక్ గొట్టాల పగుళ్లు, ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే థ్రాటిల్ బాడీలో మసి, అరిగిన స్పార్క్ ప్లగ్‌లు వరసగా చూసుకోండి.

ఇక స్క్రీన్‌షాట్లు. అసలు టెన్షన్ నాకు అవి చూశాకే వచ్చింది. ఆ యాప్ కాంటాక్ట్స్, మైక్ అడిగితే రెండూ ఇచ్చేశారు! పాత ఆండ్రాయిడ్‌లో బ్లూటూత్ వెతకడానికి లొకేషన్ అడిగితే అర్థముంది. కూలెంట్ వేడి చెప్పడానికి మీ బంధువుల ఫోన్ నంబర్లెందుకు? ఆ అనుమతులు తీసేయండి. స్కానర్‌ను నెలంతా పోర్టులోనే వదిలేశానని కూడా రాశారు. ఆ పోర్టుకు కీ ఆఫ్‌లో ఉన్నా బ్యాటరీ కరెంటు వస్తూనే ఉంటుంది. చవక స్కానర్ల పిన్ తరచూ 1234, లేదా 0000. దగ్గర్లో ఉన్నవాళ్లెవరైనా మీ కారు లోపలి నెట్‌వర్క్ తలుపు తట్టవచ్చు. పని కాగానే పీకేయండి, బ్యాటరీ కూడా బతుకుతుంది.

అయినా ఈ డబ్బా అవసరం మనకెందుకు రావాలి? అమెరికా 1996 మోడళ్ల నుంచే ఓబీడీ-2ను, అంటే స్కానర్ తగిలించి కారు లోపాలు చదివే ఏర్పాటును, తప్పనిసరి చేసింది. లోపల ఇన్ని అంకెలున్నా డ్యాష్‌బోర్డ్ మాత్రం ఒక పసుపు దీపం వెలిగించి ఊరుకుంటుంది. ఇప్పటి కార్లలో పలకంత స్క్రీన్ పెట్టి పాట బొమ్మ చూపిస్తారు, లోపం పేరు చూపించరు. సొంత కారు సంగతి తెలుసుకోవడానికి ముక్కూమొహం తెలియని యాప్‌కు ఫోన్ అప్పగించాల్సి వస్తోంది.

రేపు పొద్దున కూలెంట్, ఇన్‌టేక్ గాలి వేడి అంకెలు రెండూ రాసి పంపండి. స్టార్ట్ చేయకముందువే సుమా.