నిన్నటి బాకీ ఈరోజు తీర్చకు

చిట్టితల్లీ,

పొద్దున గంట, సాయంత్రం గంట జిమ్‌కి వెళ్తున్నావని, వారంలో ఒక్క రోజు కూడా సెలవు పెట్టుకోలేదని మీ అమ్మ ఫోన్లో మురిసిపోతూ చెప్పింది. నాకూ సంతోషమే. మన ఇంట్లో ఒకరికైనా ఒళ్ళు వంచే బుద్ధి పుట్టింది. కానీ ఫోన్ పెట్టేశాక ఒకటే టెన్షన్. ఎందుకో చెప్తాను, విసుక్కోకుండా చదువు.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. కాలికి సరిపోయే బూట్లు వేసుకో, మొదట ఒళ్ళు కాస్త వేడెక్కనివ్వు, నిద్ర తగ్గించుకుని వ్యాయామం చెయ్యకు.

ఇక మీ నాన్న సంగతి. వీధి చివరికి కూడా బండి తీస్తాడని నువ్వు నవ్వుతావు కదా, నీ వయసులో అతను పరుగు పిచ్చోడు. మొదలుపెట్టిన నెలకే దూరం రెండింతలు చేశాడు. వాన పడో, ఒంట్లో బాగాలేకో ఒక రోజు మానేస్తే మర్నాడు రెండు రోజులదీ కలిపి పరిగెత్తేవాడు. "బాకీ తీర్చేశానక్కా" అనేవాడు. ఇంటిల్లిపాదీ మెచ్చుకునేవాళ్ళు. ఆ మెచ్చుకోలే కొంప ముంచింది. మోకాలి కింద ఎముక మీద ఒకేచోట నొప్పి మొదలైనా చెప్పలేదు. కట్టు కట్టుకుని, పైన ప్యాంటు వేసుకుని వెళ్ళేవాడు. చివరికి కాలు కింద పెట్టలేకపోతే డాక్టరు చూసి ఎముకలో సన్నటి చీలిక ఉందన్నాడు.

దెబ్బ తగలకుండా ఎముక చీలడమేమిటని నేను నమ్మలేదు. తర్వాత తెలిసింది, ఇది పాత జబ్బేనట. కవాతు చేసే సైనికుల పాదాల్లో వచ్చే ఇలాంటి నొప్పి గురించి ప్రష్యా (ఇప్పటి జర్మనీ వైపు ఉన్న పాత రాజ్యం) సైన్యంలోని బ్రెయిట్‌హాప్ట్ అనే డాక్టరు 1855లోనే రాశాడు. కొత్తగా భారం పడినప్పుడు శరీరం ముందు పాత ఎముకను కొంత కరిగించి, ఆ తర్వాతే కొత్తది కడుతుంది. ఆ మధ్యలో ఎముక బలహీనంగా ఉంటుంది. కండ వారాల్లో గట్టిపడుతుంది. ఎముకకీ, కండను ఎముకకు పట్టి ఉంచే స్నాయువులకీ అంతకంటే చాలా ఎక్కువ కాలం కావాలి. అందుకే ఊపిరి అందుతోంది కదా, ఓపిక ఉంది కదా అని పెంచుకుంటూ పోకూడదు.

ఎముక అతుక్కుంది. మీ నాన్న మాత్రం మళ్ళీ రోడ్డెక్కలేదు. "పది నిమిషాలు నడవరా" అని బతిమాలితే, "పది నిమిషాలు కూడా ఒక లెక్కేనా అక్కా" అన్నాడు. నాకు ఆ కాలు కంటే ఆ మాటే భయం. ఆ మొండితనం నీకూ వచ్చింది, ఎక్కడికి పోతుంది!

పది నిమిషాలూ లెక్కే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో కనీసం పది నిమిషాలైనా ఒకే బిగిన చెయ్యాలన్న పాత నియమం తీసేసింది. వాళ్ళు చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, రెండు రోజులు కండలకి పని. నీది వారానికి 840 నిమిషాలు! ఎవరితో పోటీ?

అలవాటు ఎన్నాళ్ళకి పడుతుందో లండన్‌లో 96 మందిని గమనించి చూశారు. కొందరికి 18 రోజులు, కొందరికి 254 పట్టొచ్చని లెక్క తేలింది. మధ్యస్థంగా 66. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద తేడా రాలేదు. కాబట్టి తప్పిన రోజుని వదిలెయ్. నీకు వ్యాయామాల జాబితాలు రెండు ఉండాలి, ఒకటి ఓపికున్న రోజుకి, ఇంకో చిన్నది విసుగ్గా ఉన్న రోజుకి. రెండోది చేసినా ఆరోజు చేసినట్టే. ఇంకొంచెం చెయ్యాలనిపిస్తుండగానే ఇంటికి వచ్చెయ్. వారానికి ఒకటి రెండు రోజులు ఒళ్ళుకి సెలవివ్వు, అప్పుడే కదా అది బాగుపడేది.

జ్వరం ఉన్నప్పుడు వెళ్ళావో, నేనే వచ్చి తలుపు దగ్గర కూర్చుంటాను. ఆ జ్వరంతో పాటు గుండె కండరానికి కూడా వాపు ఉంటే ఆ శ్రమ ప్రాణం మీదికి తెస్తుంది. బాగా కష్టపడ్డాక మూత్రం ముదురు గోధుమరంగులో వస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళు. ఒళ్ళంతా సలపడం మామూలే, రెండు మూడు రోజుల్లో పోతుంది. నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించగలిగితే మాత్రం ఆగు. పొద్దున లేవగానే నాడి మామూలు కంటే వేగంగా కొడుతున్నా, నిద్ర పట్టకపోయినా, ఊరికే అందరి మీదా చిరాకు పడుతున్నా ఆ వారం సగానికి తగ్గించు.

తిట్టాననుకోకు. పొద్దున్నే బూట్లు కట్టుకుని బయల్దేరే నిన్ను తలుచుకుంటే నాకు ఎంత ముద్దొస్తుందో. మీ నాన్నకి ఈ ఉత్తరం చూపించకు, నన్ను బతకనివ్వడు. ఆదివారం ఫోన్ చెయ్యి. ఎంత బరువు ఎత్తావో నాకు అక్కర్లేదు, రాత్రిళ్ళు నిద్ర పడుతోందో లేదో చెప్పు.

నీ అత్త