గది రెండర్‌లో చుక్కలా? శాంపిల్స్ పెంచే ముందు కిటికీ అద్దం చూడండి

"బ్లెండర్ సైకిల్స్‌లో హాలు రెండర్ చేస్తే ఇసుక చల్లినట్టు చుక్కలు వస్తున్నాయి, 4096 శాంపిల్స్ పెట్టినా పోవడం లేదు, కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనాలా?" అని ఒకరు అడిగారు. బ్లెండర్ అంటే 3డీ సాఫ్ట్‌వేర్, వెలుగు లెక్కగట్టి 3డీ సీన్‌ని బొమ్మగా మార్చేది (రెండర్ చేసేది) అందులోని సైకిల్స్, ఒక్కో పిక్సెల్‌కి ఎన్నిసార్లు ఆ లెక్క వేస్తుందో అన్ని శాంపిల్స్. కొనకండి. శాంపిల్స్ కూడా పెంచకండి. చుక్కలు సగానికి తగ్గాలంటే శాంపిల్స్ నాలుగు రెట్లు కావాలి, అంటే 16384. టైమూ దాదాపు నాలుగు రెట్లు. కార్డు అమ్మేవాళ్లు ఈ లెక్క చెప్పరు.

మాది ఒడిశాలోని బరంపురం. ఇళ్లకీ షాపులకీ ఇంటీరియర్ డిజైన్లు చేసి రెండర్లు ఇవ్వడమే నా పని. గది సీన్లలో పదింట తొమ్మిదిసార్లు తప్పు కిటికీ అద్దం దగ్గరే ఉంటుంది.

మా బావమరిదీ ఇదే లైన్‌లోకి వచ్చాడు. పోయిన ఎండాకాలం ఇక్కడే ఒక పట్టుచీరల షోరూం పని పట్టాడు. రోడ్డు వైపు మొత్తం గ్లాసు, లోపల టేకు రాక్‌లు, వాటి నిండా బరంపురం పట్టు. ఎండ ఆ గ్లాసులోంచే లోపలికి రావాలి. రాత్రి రెండర్ పెడితే మధ్యలో కరెంటు పోయింది. మళ్లీ పెట్టాడు. పొద్దున చూస్తే గోడల నిండా చుక్కలు, అక్కడక్కడా తెల్లగా మెరిసే ఫైర్‌ఫ్లైస్. "బావా, సిస్టం మార్చాల్సిందే" అని టెన్షన్‌గా ఫోన్ చేశాడు. వెళ్లి ఫైల్ తెరిచి, ముందున్న గ్లాసును రెండర్‌లోంచి తీసేశాను. అదే సిస్టం, అవే శాంపిల్స్, గోడలు శుభ్రంగా వచ్చాయి.

కారణం ఇదీ. సైకిల్స్ ఒక చోట ఎండ పడుతుందో లేదో తెలుసుకోవడానికి సూర్యుడి వైపు షాడో రే అనే కిరణాన్ని పంపుతుంది. మధ్యలో గ్లాస్ షేడర్ (అద్దంలా కనిపించే మెటీరియల్) ఉంటే ఆ రే అక్కడే ఆగిపోతుంది. ఇక ఎటుపడితే అటు తిరిగే రేల్లో ఏదో ఒకటి అదృష్టం కొద్దీ అద్దం దాటి సూర్యుణ్ణి తాకాలి. తాకినచోట చుక్క. కాస్టిక్స్, అంటే ఇలా అద్దం దాటి వచ్చే వెలుగు లెక్క, ఆపేస్తే చుక్కలతో పాటు వెలుగు కూడా పోతుంది. అద్దం కనిపించి తీరాలంటే గ్లాస్, ట్రాన్స్‌పరెంట్ షేడర్లను మిక్స్ చేసి, లైట్ పాత్ నోడ్‌లోని ఈజ్ షాడో రేని ఆ మిక్స్ ఫ్యాక్టర్‌కి కలపండి. అప్పుడు షాడో రేకి మాత్రం అద్దం అడ్డు రాదు. వెలుగు హెచ్‌డీఆర్ఐ (సీన్ చుట్టూ వెలుగు కోసం పెట్టే ఫోటో) నుంచి వస్తుంటే కిటికీ సైజులో ఏరియా లైట్ పెట్టి, గది లోపలికి తిప్పి, పోర్టల్ టిక్ చేయండి, వెలుగు కోసం ఎటు వెతకాలో సైకిల్స్‌కి తెలుస్తుంది. గోడల తెలుపు 0.8 దాటనివ్వకండి (1 అంటే పడిన వెలుగంతా తిరిగి కొట్టే తెలుపు). కస్టమర్ "ఇంకా తెల్లగా" అంటే ఎక్స్‌పోజర్ (బొమ్మ మొత్తం వెలుగు) పెంచండి, గోడ రంగు ముట్టుకోకండి.

చుక్కల్ని తుడిచేసే డినాయిజర్ గురించి నాకు చాలా కోపం ఉంది. వీడియోలు చేసేవాళ్లంతా "డినాయిజ్ టిక్ చేయండి, అయిపోయింది" అంటారు. అవీ ఇంగ్లిష్‌లోనో హిందీలోనో. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదివిన మా బరంపురం పిల్లలకి ఈ పని తెలుగులో నేర్పేవాళ్లే లేరు. మావాడు కూడా అలాంటి వీడియో చూసి, నేను వెళ్లకముందే కాంపోజిటర్‌లో (రెండర్ అయ్యాక బొమ్మను సరిదిద్దే చోట) డినాయిజ్ నోడ్ వేసి బొమ్మ ఒక్కటే కలిపాడు. గోడలు నున్నగా అయ్యాయి గానీ చీరల అంచు మీది ఫోడా కుంభం (గుడి ఆకారపు నేత) మొత్తం అలుక్కుపోయింది. జీఐ (భౌగోళిక) గుర్తింపు తెచ్చుకున్న బరంపురం పట్టుకి ఆ కుంభమే గుర్తు. షాపాయన చుక్కల మాటే ఎత్తలేదు. "ఇది మన చీర కాదు బాబూ" అన్నాడు. ఆయన అన్నదే నిజం. కొద్దిపాటి గరుకు ఉన్నా జనం పట్టించుకోరు, నేత కనబడకపోతే మాత్రం ఊరుకోరు.

అందుకే డినాయిజింగ్ డేటా పాస్ ఆన్ చేసి, ఆల్బెడో (వస్తువుల అసలు రంగు), నార్మల్ (ఉపరితలం ఎటు తిరిగి ఉందో) రెండూ ఆ డినాయిజ్ నోడ్‌కి కలపండి. అప్పుడు గుడ్డ మీద డిజైన్ ఏదో, చుక్క ఏదో దానికి తెలుస్తుంది. ఇవన్నీ చేశాక కూడా మూలల్లో చుక్కలు ఉంటే, బ్లెండర్ 3.4 నుంచి పాత్ గైడింగ్ (వెలుగు వచ్చే దారుల్ని నేర్చుకుని రేలను అటే పంపేది) ఉంది, సీపీయూలో రెండర్ చేసేటప్పుడు అది వాడి చూడండి. మీ కిటికీ మెటీరియల్ నోడ్ల స్క్రీన్‌షాట్ పెడితే ఎక్కడ ఏం మార్చాలో నేనే చెబుతాను.