గైడ్ కంపెనీలో థింకింగ్ డే: 32 మందికి రెండు గంటల ఏర్పాటు

మీ కంపెనీలో, అంటే గైడ్ల దళంలో, 32 మంది, చేతిలో రెండు గంటలు, ప్రపంచమంతటా గైడ్లు జరుపుకునే వరల్డ్ థింకింగ్ డేను ఫిబ్రవరి 22న ఎలా చేయాలని అడిగారు.

ముందు స్టేజీ ఆలోచన మానేయండి మేడమ్. ముఖ్య అతిథి, శాలువా, ప్రసంగం అంటూ మొదలైతే గంట అక్కడే పోతుంది. నలుగురు డాన్స్ చేస్తే మిగతా 28 మంది చప్పట్లు కొడుతూ కూర్చుంటారు. అతిథిని పిలవక తప్పకపోతే చివర్లో, పిల్లలతో కలిసి తినడానికి పిలవండి.

ఆ రోజుకు ప్రాణం దీపాలు వెలిగించడమే. గైడ్ ప్రతిజ్ఞలోని మూడు భాగాలకు మూడు దీపాలు, ఆపైన ఒక్కో గైడ్ నియమానికి ఒక్కోటి. ఎక్కువమంది తప్పేది ఈ లెక్కలోనే. నెట్‌లో దొరికే పద్ధతులు చాలావరకు అమెరికా గర్ల్ స్కౌట్స్‌వి, వాళ్ల నియమావళిలో పది అంశాలు. మన భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో తొమ్మిదే. కాబట్టి 12 దీపాలు. చూసి రాసుకుని 13 పెడితే చివరి అమ్మాయి చెప్పడానికి మాట లేక అందరి ముందూ చిన్నబోతుంది. నాలుగు పెట్రోళ్ల (ఎనిమిదేసి మంది గైడ్ల జట్లు) నుంచి ముగ్గురేసి వెలిగిస్తారు. వెలిగించిన ప్రతిసారీ ఆ పెట్రోల్‌లోని మిగతా ఐదుగురూ ఆ వాక్యాన్ని గట్టిగా చెప్పాలి. అప్పుడు ఊరికే చూస్తూ నిలబడే పిల్ల ఉండదు.

కొవ్వొత్తులు వద్దు. గాలికి ఆరిపోతాయి, మైనం వేళ్ల మీద కారుతుంది. మట్టి ప్రమిదలు తెచ్చి, ముందురోజే నీళ్లలో నానబెట్టి ఆరబెట్టండి, లేకపోతే కొత్త మట్టి నూనె పీల్చేస్తుంది. స్టీలు పళ్లేల్లో రెండు వేళ్ల మందాన ఇసుక పోసి, వాటిలో ప్రమిదలను ట్రెఫాయిల్ (గైడ్ల గుర్తు అయిన మూడు రేకుల ఆకు) ఆకారంలో అమర్చండి. ఆరుబయట కాకుండా వరండాలో పెట్టండి. జడలు ముడివేసి, స్కార్ఫ్ కొనలు వెనక్కి తిప్పి పిన్ను పెట్టాలి. పక్కన ఇసుక బకెట్ ఉంచండి, మండే నూనె మీద నీళ్లు పోయకూడదు.

దీపాల తర్వాత నాణేలు. ఫిబ్రవరి 22 స్కౌట్, గైడ్ ఉద్యమాన్ని నడిపించిన బేడెన్ పవెల్ దంపతులిద్దరి పుట్టినరోజు. పుట్టినరోజంటే కానుక ఉండాలి కదా అని 1932లో పోలండ్‌లో జరిగిన ప్రపంచ సదస్సులో బెల్జియం ప్రతినిధి సూచించడంతో థింకింగ్ డే చందా మొదలైంది. పిల్లలకు ఇది చెప్పాకే హుండీ పెట్టండి. పళ్లెం మాత్రం తిప్పొద్దు. ఎవరెంత వేశారో కనబడితే తేలేని పిల్ల తలదించుకుంటుంది. మూతి సన్నగా ఉన్న మట్టి హుండీలో గుప్పిట మూసి వేయమనండి, ఖాళీ గుప్పిటైనా ఫర్వాలేదు. అక్కడే ఇద్దరు గైడ్లు లెక్కపెట్టి పుస్తకంలో రాయాలి. జిల్లా అసోసియేషన్ ద్వారా పంపి రసీదు తీసుకోండి.

మిగతా గంటకు నాలుగు మూలల్లో గైడ్ల ప్రపంచ కేంద్రాలు నాలుగింటిని, మూలకొకటి చొప్పున, పరిచయం చేయండి: 1966లో తెరిచిన పుణె సంగం, స్విట్జర్లాండ్ అవర్ షాలే, మెక్సికో అవర్ కబానా, సొంత భవనం లేకుండా ఆఫ్రికా దేశాల్లో తిరిగే కుసాఫిరి. మూలకు 14 నిమిషాలు, ఈల వేయగానే పెట్రోళ్లు మూల మారాలి. ఒక్క మూల ఆలస్యమైనా నాలుగు పెట్రోళ్లూ ఆగిపోతాయి, అందుకే ఈల మీ చేతిలోనే ఉండాలి.

తిండికి రెండున్నర కిలోల బియ్యంతో పులిహోర, రెండు లీటర్ల పెరుగు చిలికి నాలుగున్నర లీటర్ల నీళ్లు కలిపిన మజ్జిగ సరిపోతాయి. పదో తరగతి పిల్లలకు పరీక్షలు దగ్గర్లో ఉంటాయి, వాళ్లను దీపాలకు పిలిచి గంటలో పంపించేయండి.