‘డెమగాగ్’ అనే మాటను వాక్యాల్లో ఎలా వాడాలి?

జనంలోని భయాన్నీ కోపాన్నీ రెచ్చగొట్టి, రుజువులతో పని లేకుండా బలం పెంచుకునే నాయకుణ్ని డెమగాగ్ అంటారు. జనాదరణ ఉన్న ప్రతి నాయకుణ్నీ అలా అనేయడం మాత్రం అన్యాయం.

అమెరికా సెనేటర్ జోసెఫ్ మెకార్తీకి ఈ మాట అతికినట్టు సరిపోతుంది. విదేశాంగ శాఖలోని కమ్యూనిస్టుల జాబితా తన చేతిలోనే ఉందని 1950 ఫిబ్రవరిలో వీలింగ్ అనే ఊళ్లో చెప్పాడు. ఆ సంఖ్య ఓసారి 205, ఇంకోసారి 57, మరోసారి 81! అలాంటి ఆరోపణలతో ఎందరి ఉద్యోగాలో పోయాయి.

ఇక వాక్యాలు:

“డెమగాగ్‌కి రుజువులు అక్కర్లేదు, జనంలో టెన్షన్ ఉంటే చాలు.”

“ధరలు పెరిగితే వలస వచ్చినవాళ్ల మీదకు జనాన్ని ఉసిగొల్పడం డెమగాగ్ రాజకీయం.”

“1954 డిసెంబరులో సెనేట్ 67–22 ఓట్లతో ఆ డెమగాగ్ ప్రవర్తనను తప్పుపట్టింది.”