హ్యాండిల్ బార్ కొనే ముందు: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

రాళ్ల బాటల్లో గంటసేపు నిలబడి నడిపేసరికి నడుము పట్టేస్తోందనీ, ఆరడుగులు దాటిన నీకు 30 మిల్లీమీటర్ల రైజర్లతో (హ్యాండిల్ కింద పెట్టి దాన్ని ఎత్తు చేసే దిమ్మెలతో) పాటు ఎత్తైన హ్యాండిల్ బారు కూడా వేయించుకోమని స్నేహితులు ఒత్తిడి చేస్తున్నారనీ రాశావు. నీ హీరో ఎక్స్‌పల్స్ 200 4వి బండి హ్యాండిల్ నీకు పల్లంగా ఉందన్న మాట నిజమే కావచ్చు, కానీ ఎంత పల్లమో తేల్చుకోకుండా డబ్బు పెట్టవద్దు. మనిషి ఎత్తును బట్టి బారు చెప్పేసే పట్టికల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకరికి కాళ్లు పొడవుంటాయి, ఇంకొకరికి నడుము పైభాగం పొడవుంటుంది. పైగా ఒకరు ట్రాక్ మీద మలుపుల్లో కూర్చుని తిప్పేవారైతే ఇంకొకరు రోజంతా నిలబడి అడవి దారుల్లో తిరిగేవారు.

కాబట్టి ముందు కొలత తీసుకో. బండిని చదునైన నేల మీద నిలిపి, ఒకరిని ముందు చక్రం పట్టుకోమని చెప్పి, రైడింగ్ బూట్లు, హెల్మెట్ వేసుకుని ఫుట్‌పెగ్‌ల మీద నిలబడు. మోకాళ్లు కొద్దిగా వంచి ట్యాంకును ఒత్తుతూ, వీపు గుండ్రంగా కాకుండా తుంటి దగ్గర మడిచి, తల దాదాపు హ్యాండిల్ క్లాంపుకు (బారును మధ్యలో బిగించే పట్టుకు) పైన ఉండేలా వంగు. ఇప్పుడు కళ్లు మూసుకుని, మోచేతులు బయటికి పెట్టి, గ్రిప్పులు ఎక్కడుంటే బాగుంటుందో అక్కడికి చేతులు చాపు. కళ్లు తెరిచాక నీ పిడికిళ్లకూ అసలు గ్రిప్పులకూ మధ్య ఉన్న దూరాన్ని, పైకి ఎంత, ముందుకు ఎంత అని విడివిడిగా టేపుతో కొలిపించు. ఇలా నాలుగైదు సార్లు చేస్తే కొలత ఒకచోట నిలబడుతుంది. నీకు అవసరమైన బారు ఆ కొలతలోనే ఉంది.

పైకి, ముందుకు అని విడదీయడానికి కారణం ఉంది. రైజరు హ్యాండిల్‌ను నిట్టనిలువుగా పైకి లేపదు, ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే జంట గొట్టాలు) వాలిన దిశలో లేపుతుంది. ఫోర్కు 27 డిగ్రీలు వాలి ఉందనుకుంటే 30 మిల్లీమీటర్ల రైజరు హ్యాండిల్‌ను సుమారు 27 మిల్లీమీటర్లు పైకి, 13 మిల్లీమీటర్లకు పైగా నీ వైపుకు తెస్తుంది. పొడవాటి చేతులున్నవాడికి ముందుకు చోటు కావాలి. ఈ రైజరేమో ఉన్న కాస్త చోటునూ తగ్గిస్తుంది. నీ కొలతలో ముందుకు తేడా ఎక్కువగా కనబడితే, హ్యాండిల్‌ను ముందుకు జరిపే రకం రైజరు గానీ, వెనక్కి వంపు తక్కువగా ఉన్న బారు గానీ వెతకాలి.

అతిగా ఎత్తు పెంచడం కూడా మంచిది కాదు. హ్యాండిల్ ఎత్తైతే శరీరం బరువు వెనక్కి పోతుంది, ముందు చక్రం తేలికవుతుంది, ఇసుక మలుపులో టైరు పట్టు వదిలి బయటికి జారుతుంది. నిలబడి నడిపేవాడికీ నిటారు దిగుడు దిగేవాడికీ ఎత్తు ఉపయోగమే. ముందు చక్రం మీద బరువు వేసి వేగంగా మలుపు తిరిగే మోటోక్రాస్ రైడరుకు కొంత పల్లమే మేలు. అమెరికాలో 2002, 2004 అవుట్‌డోర్ మోటోక్రాస్ సీజన్లలో ఒక్కోదానిలో 24కి 24 మోటోలు (రేసులు) గెలిచిన రికీ కార్‌మైకేల్ పొడగరి కాడు. ఆయన పేరుతో అమ్మే బెండు (బారు ఆకృతి) పల్లంగానే ఉంటుంది. నువ్వు అతివేగపు పిచ్చి లేని నిలబడే రైడరువి కనుక నీ దారి వేరు.

సీటు సంగతి కూడా ఆలోచించు. హీరో వాళ్లు ఎక్స్‌పల్స్ ప్రో వేరియంట్‌లో హ్యాండిల్ ఒక్కటే పెంచి ఊరుకోలేదు. మామూలు 4విలో 825 మిల్లీమీటర్లున్న సీటు అందులో 891 అయింది, సస్పెన్షన్ కూడా మారింది. కూర్చుని లేవడంలోనే నీ నడుము అలసిపోతుంటే తప్పు హ్యాండిల్‌ది కాదు, సీటుది.

ఖర్చు లేని మార్పులు ముందు చెయ్యి. క్లాంపు బోల్టులు వదులు చేసి, బారు పైకి లేచే భాగం ఫోర్కుకు సమాంతరంగా ఉండేలా పెట్టి మొదలుపెట్టు. అక్కడి నుంచి కొంచెం ముందుకు తిప్పితే మోచేతులు లేస్తాయి. వెనక్కి తిప్పితే మోచేతులు పక్కటెముకలకు చేరి బలం పోతుంది. లీవర్లు నిలబడినప్పుడు ముంజేతికి సూటిగా ఉండాలి, కూర్చున్నప్పుడు కాదు. షోరూము నుంచి వచ్చిన బండ్లలో అవి తరచూ పైకి లేచి ఉండి మణికట్టును విరుస్తాయి. కేటీఎం ఎండ్యూరో బండ్లలోనైతే క్లాంపును నాలుగు స్థానాల్లో బిగించే వీలుంది. అందరికీ అలా ఇస్తే ఎంత బాగుండేది!

ఇవన్నీ అయ్యాక కూడా కొత్త బారే కావాలనుకుంటే రెంథాల్, ప్రోటేపర్ వంటి కంపెనీలు ఇచ్చే వెడల్పు, ఎత్తు, రైజ్ (క్లాంపు నుంచి వంపు దాకా బారు లేచే ఎత్తు), వెనక్కి వంపు కొలతలతో నీ పాత బారును అదే పద్ధతిలో కొలిచి పోల్చుకో. క్లాంపు దగ్గర 22.2 మిల్లీమీటర్ల బార్లు, 28.6 మిల్లీమీటర్ల బార్లు అని రెండు రకాలున్నాయి. గ్రిప్పులు ఎక్కే కొసలు రెండింటికీ 22.2 మిల్లీమీటర్లే కాబట్టి లీవర్లు పాతవే సరిపోతాయి, కానీ లావు బారుకు క్లాంపు మారాలి. వెడల్పు సాధారణంగా 800 మిల్లీమీటర్ల అటూ ఇటూ ఉంటుంది. నేల మీద దండీలు తీసేటప్పుడు చేతులకు ఎక్కడ బలం వస్తుందో ఆ వెడల్పు నీకు సరిపడేది. చెట్ల మధ్య ఇరుకుగా ఉందని వెంటనే రంపం తీయవద్దు. గ్రిప్పులూ లీవర్లూ లోపలికి జరిపి కొన్నాళ్లు నడిపి చూసి, నచ్చితే పక్కకు 5 మిల్లీమీటర్ల చొప్పున కోయి. హ్యాండ్‌గార్డుల క్లాంపుకు చోటు మిగులుతుందో లేదో కోసే ముందే చూసుకో. పడినప్పుడు వంగిన అల్యూమినియం బారును వెల్డింగ్ షాపులో సరిచేయించవద్దు. వంగిన చోట లోపల పగులు మొదలవుతుంది.

ఎత్తు పెంచిన రోజున ఒక పరీక్ష తప్పనిసరి. ఇంజను ఐడ్లింగ్‌లో ఉంచి హ్యాండిల్‌ను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తిప్పు. ఇంజను వేగం కొద్దిగా పెరిగినా యాక్సిలరేటర్ కేబులు లాగుతోందని అర్థం. మలుపులో అది ప్రాణాంతకం. క్లచ్ కేబులు, ముందు బ్రేకు గొట్టం కూడా ఎక్కడా బిగుసుకోకూడదు. అవి అందకపోతే పొడవైనవి వేయించు, లేదా రైజరు తగ్గించు. క్లాంపు పూర్తిగా బారు మీద గరుకుగా గీతలున్న భాగాన్నే పట్టుకుని ఉండాలి. బోల్టులను మాన్యువల్‌లో చెప్పిన వరుసలో, చెప్పిన టార్క్‌కే (బిగింపు బలానికే) టార్క్ రెంచితో బిగించి, మొదటి రైడు తరువాత మరోసారి తనిఖీ చెయ్యి.

కొలతలు తీశాక పైకి ఎంత, ముందుకు ఎంత వచ్చిందో రాసి పంపు; బారు ఏదో అప్పుడు నిర్ణయిద్దాం.

ఇట్లు,
మీ మామయ్య