ఫజ్ పెడల్ చేయబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య దీవెనలు.

నీ ఉత్తరం అందింది. గిటార్‌కు ఫజ్ పెడల్ (స్వరాన్ని గరుకుగా మార్చే, కాలితో నొక్కే డబ్బా) కొనకుండా సొంతంగా చేసుకోవాలని నిశ్చయించుకున్నావని చదివి సంతోషించాను. అయితే నువ్వు అడిగిన మొదటి ప్రశ్న ఏ పాతకాలపు జర్మేనియం ట్రాన్సిస్టర్ తెప్పించుకోవాలన్నది. దానికి జవాబు చెబుతాను గాని, అది ఈ ఉత్తరంలో కొంచెం ఆలస్యంగా వస్తుంది. దానికన్నా ముందు నీ బల్లమీద ఉండవలసింది ఒక మల్టీమీటరు. ఈ పనికి దిగినవాళ్లలో చాలామంది చెవిని నమ్ముకుని మీటరును పక్కన పెడతారు. నేనూ అలాగే మొదలుపెట్టాను, దానికి తగిన ఫలితమూ అనుభవించాను.

నేను చేసిన తొలి పెడల్ ఒకే ట్రాన్సిస్టర్ ఉన్న బూస్టర్, అంటే గిటార్ శబ్దాన్ని పెంచేది. సర్క్యూట్ బొమ్మలో 2ఎన్3904 అని ఉంటే నా దగ్గరున్న బీసీ547 పెట్టాను. రెండూ సిలికాన్ ఎన్‌పీఎన్‌లే, ఒకదాని బదులు ఇంకొకటి నిక్షేపంగా పనిచేస్తుంది. నేను చూసుకోనిదల్లా కాళ్ల వరుస. చదునైన ముఖం మన వైపు, కాళ్లు కిందికి ఉండేలా పట్టుకుంటే 2ఎన్3904లో ఎడమ నుంచి ఎమిటర్, బేస్, కలెక్టర్ వస్తాయి. బీసీ547లో అదే వరుస తలకిందులై కలెక్టర్, బేస్, ఎమిటర్ అవుతుంది. తిరగబడిన ట్రాన్సిస్టర్ పూర్తిగా మూగబోయి ఉంటే అప్పుడే తెలిసిపోయేది. కాని అది నీరసంగా, గరగరలాడుతూ కొంత శబ్దం ఇచ్చింది. దాంతో తప్పు కెపాసిటర్లలో ఉందనుకుని రెండు రోజులపాటు వాటిని ఒక్కొక్కటే ఊడదీసి మార్చాను. కలెక్టర్ మీద మీటరు మొన ఒక్కసారి ఆనించి ఉంటే అర నిమిషంలో తేలిపోయే వ్యవహారం అది.

ఎలా తేలుతుందో చెబుతాను. నువ్వు కూడా ఆ బూస్టర్‌తోనే మొదలుపెట్టాలని నా కోరిక. ఎలక్ట్రో-హార్మోనిక్స్ సంస్థ 1960ల చివర తెచ్చిన ఎల్‌పీబీ-1 తరహా సర్క్యూట్ అది. బేస్‌కు 9 వోల్టుల నుంచి 430 కిలో ఓమ్‌ల రెసిస్టర్, గ్రౌండ్‌కు 43 కిలో ఓమ్‌లది. కలెక్టర్‌కు 10 కిలో ఓమ్‌లు, ఎమిటర్‌కు 390 ఓమ్‌లు. రాకపోకలకు చెరొక 0.1 మైక్రోఫ్యారడ్ కెపాసిటర్. బేస్ దగ్గరి రెండు రెసిస్టర్లూ 9 వోల్టులను పంచుకోగా అక్కడ లెక్క ప్రకారం 0.8 వోల్టులు మిగలాలి. బేస్ కాస్త కరెంటు లాగుతుంది కనుక మీటరు కొంచెం తక్కువే చూపుతుంది. సిలికాన్ ట్రాన్సిస్టర్‌లో ఎమిటర్ బేస్ కన్నా 0.6 వోల్టులు కింద ఉంటుంది కనుక, ఎమిటర్ మీద 0.15 నుంచి 0.2 వోల్టులు కనిపించాలి. దాన్ని 390 ఓమ్‌లతో భాగిస్తే అర మిల్లీ ఆంపియర్ లోపు కరెంటు వస్తుంది. ఆ కరెంటే పైనున్న 10 కిలో ఓమ్‌ల గుండా పోతూ నాలుగైదు వోల్టులు తినేస్తుంది కాబట్టి కలెక్టర్ దగ్గర 4 నుంచి 6 వోల్టుల మధ్య ఉండాలి. నా తిరగబడిన ట్రాన్సిస్టర్‌ను చివరికి కొలిచినప్పుడు అక్కడ దాదాపు 9 వోల్టులు ఉన్నాయి. అంటే ఆ దారిన కరెంటు నడవడమే లేదన్నమాట. టంకం పెట్టకముందే ఈ మూడు అంకెలనూ కాగితం మీద వేసుకుని, బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా భాగాలను గుచ్చి చూసే పలక) మీద అమర్చాక కొలిచి పోల్చుకో. ఈ లెక్క చేతికి అలవాటైతే ఎంత పెద్ద పెడల్ అయినా ఇలాంటి చిన్న చిన్న గదుల వరుసగానే కనబడుతుంది.

ఆ బూస్టర్ పనిచేయడం మొదలుపెట్టాక ఒక సంగతి నీ చెవికే తెలుస్తుంది: శబ్దం పెరుగుతుంది గాని తీగల మీది తళుకు కొంత మాసిపోతుంది. దీనికి కారణం ట్రాన్సిస్టర్ నాసిరకం కావడం కాదు, సర్క్యూట్ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (లోపలికి వచ్చే సంకేతానికి అది చూపే అడ్డు) ఇరవై ముప్పై కిలో ఓమ్‌లకు మించకపోవడం. గిటార్ పికప్ అంటే వేల చుట్ల సన్నటి రాగి తీగ. మీటరుతో కొలిస్తే ఆరేడు కిలో ఓమ్‌లే చూపినా, దాని ఇండక్టెన్స్ కొన్ని హెన్రీలు ఉంటుంది. 3 హెన్రీలే అనుకున్నా 5 కిలోహెర్ట్జ్ దగ్గర ఆ కాయిల్ దాదాపు 94 కిలో ఓమ్‌ల అడ్డుగా మారుతుంది. అంత అడ్డు దాటి వచ్చిన పై స్వరాలు ముప్పై కిలో ఓమ్‌ల ముందు నిలబడలేవు. కింది స్వరాలకు ఆ ఇబ్బంది లేదు. అందుకే మంచి పెడళ్లు ఇన్‌పుట్ దగ్గర 1 మెగా ఓమ్ పెట్టి, దాని వెనుక ఫెట్‌నో (ఇన్‌పుట్ దగ్గర కరెంటు దాదాపు లాగని ట్రాన్సిస్టర్) ఆప్‌ఆంప్‌నో (సంకేతాన్ని పెంచే ఐసీ) కూర్చోబెడతాయి. ఆ 1 మెగా ఓమ్‌కు ముందు 10 నానోఫ్యారడ్ల కెపాసిటర్ చాలు, అది 16 హెర్ట్జ్ నుంచే దారి ఇస్తుంది. గిటార్ లావు తీగ పలికేది 82 హెర్ట్జ్ కనుక అంతకన్నా పెద్దది పెట్టినా ఒరిగేదేమీ లేదు.

ఇప్పుడు నీ ఫజ్ సంగతికి వస్తాను. 1966లో వచ్చిన ఫజ్ ఫేస్ సర్క్యూట్‌లో ఉన్నవి రెండు ట్రాన్సిస్టర్లు, వాటి చుట్టూ వేళ్ల మీద లెక్కపెట్టగల రెసిస్టర్లు, కెపాసిటర్లు. ఇందాక నేను తప్పుపట్టిన తక్కువ ఇన్‌పుట్ ఇంపెడెన్సే ఇక్కడ గుణంగా మారడం చిత్రమైన విషయం. పికప్‌కూ మొదటి ట్రాన్సిస్టర్‌కూ మధ్య ఏమీ అడ్డు లేకపోవడం వల్లనే, గిటార్ వాల్యూమ్ కాస్త తగ్గించగానే ఫజ్ కరిగిపోయి శుభ్రమైన స్వరం బయటికి వస్తుంది. దానికి ముందు బఫర్ (పికప్‌ను తరువాతి సర్క్యూట్ నుంచి వేరుచేసే భాగం) ఉన్న పెడల్ ఏది పెట్టినా ఆ సుఖం పోయి చెవులు గింగురుమంటాయి. కనుక ఫజ్‌ను గిటార్ తరువాత మిగతా పెడళ్లన్నిటికన్నా ముందు పెట్టు.

జర్మేనియం ట్రాన్సిస్టర్లలో ఏసీ128, ఎన్‌కేటీ275 అన్నవి పేరుపడ్డవే. కాని ఒకే పేరున్న పది ట్రాన్సిస్టర్లను కొలిస్తే పది రకాలుగా ఉంటాయి కాబట్టి పేరు నీకు భరోసా ఇవ్వదు. చూడవలసినవి రెండు, గెయిన్, లీకేజీ. ట్రాన్సిస్టర్ కరెంటును ఎన్ని రెట్లు పెంచుతుందన్నదే గెయిన్. బేస్‌కు కరెంటు ఇవ్వకపోయినా కలెక్టర్ నుంచి కారిపోయే కరెంటే లీకేజీ. మామూలు మీటరులోని గెయిన్ కొలిచే రంధ్రం ఈ లీకేజీని కూడా గెయిన్‌గానే లెక్కగట్టి గొప్ప అంకె చూపించి మోసం చేస్తుంది. అందుకని బేస్‌ను గాలికి వదిలేసి, 9 వోల్టుల బ్యాటరీకి 2.2 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌తో వరుసగా ట్రాన్సిస్టర్‌ను కలిపి, ఆ రెసిస్టర్ మీది వోల్టేజి చూడు. 0.22 వోల్టులు ఉంటే లీకేజీ వంద మైక్రో ఆంపియర్లన్నమాట, అది సర్దుకుపోదగినదే. దానికి రెండు మూడింతలైతే పక్కన పెట్టేయి. కొలుస్తూ ట్రాన్సిస్టర్ ఒంటిని రెండు వేళ్లతో పట్టుకో. నీ వేళ్ల వెచ్చదనానికే అంకె పైకి పాకడం కళ్లారా చూస్తావు. వేడెక్కిన వేదిక మీద జర్మేనియం ఫజ్ ఎందుకు అలుగుతుందో అప్పుడు ఎవరూ వివరించనక్కర్లేదు. మొదటి స్థానంలో గెయిన్ డెబ్బై ఎనభై ఉన్నదాన్ని, రెండో స్థానంలో వంద దాటినదాన్ని వాడి, 8.2 కిలో ఓమ్‌ల రెసిస్టర్ బదులు ట్రిమ్మర్ (విలువ తిప్పి మార్చగల చిన్న రెసిస్టర్) పెట్టి రెండో కలెక్టర్ దగ్గర సరఫరాలో సగం, అంటే 4.5 వోల్టులు వచ్చేలా తిప్పు. ఈ పాత ట్రాన్సిస్టర్లు ఎక్కువగా పీఎన్‌పీ రకం (ఎన్‌పీఎన్‌కు ప్లస్ మైనస్‌లు తారుమారైనది) కావడంతో సర్క్యూట్‌లో ప్లస్ గ్రౌండవుతుంది; దాన్ని మిగతా పెడళ్లతో ఒకే అడాప్టర్ మీద నడిపితే అడాప్టర్ షార్టవుతుంది, కాబట్టి దానికి విడిగా బ్యాటరీయే మేలు. నా సలహా అడిగితే మొదటి ఫజ్‌ను బీసీ108 లాంటి సిలికాన్‌తోనే చేయమంటాను. శబ్దం కొంత పదునుగా ఉంటుంది, అంతకు మించిన నష్టం లేదు.

తరువాతి మెట్టు ఆప్‌ఆంప్ ఐసీలది. ఇక్కడ డయోడ్లు (కరెంటును ఒకే దిశలో పోనిచ్చేవి) ఎక్కడ కూర్చుంటాయన్నదే ప్రధానం. ఎమ్మెక్సార్ డిస్టార్షన్ ప్లస్ అనే పెడల్‌లో అవి అవుట్‌పుట్ నుంచి గ్రౌండ్‌కు ఉండి అలల తలలను నిర్దాక్షిణ్యంగా నరికేస్తాయి. 1970ల చివర వచ్చిన ట్యూబ్ స్క్రీమర్ పెడల్‌లో ఫీడ్‌బ్యాక్ దారిలో (ఐసీ అవుట్‌పుట్‌ను దాని ఇన్‌పుట్‌కు తిప్పి పంపే దారి) ఉండటం వల్ల అసలు సంకేతం కొంత తెగకుండా మిగిలి, శబ్దం మెత్తగా ఉంటుంది. జర్మేనియం డయోడ్ 0.3 వోల్టుల దగ్గర, 1ఎన్4148 లాంటి సిలికాన్‌ది 0.6 దగ్గర, ఎర్ర ఎల్‌ఈడీ 1.7 దగ్గర తెరుచుకుంటాయి. డయోడ్ల చోట సాకెట్ పెట్టి మూడింటినీ మార్చి మార్చి విను. ట్యూబ్ స్క్రీమర్‌లో 4.7 కిలో ఓమ్‌లు, 0.047 మైక్రోఫ్యారడ్ కలిసిన జంట ఒకటుంటుంది; దాని లెక్క 720 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. అంతకు కిందున్న స్వరాలకు గెయిన్ తగ్గుతూ పోతుంది కనుకనే ఆ పెడల్ మంద్ర స్వరాలను బురదగా మార్చదు. ఆ కెపాసిటర్‌ను 0.1 చేస్తే అడుగు బరువెక్కుతుంది. ఆప్‌ఆంప్ పేరు మీద జనం చేసే వాదోపవాదాలన్నీ కలిపినా ఈ ఒక్క కెపాసిటర్ తెచ్చినంత మార్పు తేవు. ఒక మినహాయింపు ఉంది: ర్యాట్ పెడల్‌లోని ఎల్‌ఎం308 చాలా మందకొడి ఐసీ, ఆ మందకొడితనమే పై స్వరాల పదును తీసి దాని గొంతును తయారుచేస్తుంది.

జే201, 2ఎన్5457 వంటి జేఫెట్లు (ఫెట్‌లలో ఒక రకం) కాళ్లున్న రూపంలో తయారీ చాలావరకు ఆగిపోయినందున, ఇంకో ట్రాన్సిస్టర్ మీద పేరు అచ్చుగుద్ది అంటగట్టేవారు చాలామంది ఉన్నారు. జే201 కావాలంటే సర్ఫేస్ మౌంట్ రూపంలో తీసుకుని చిన్న అడాప్టర్ బోర్డు మీద అంటించుకో. కెపాసిటర్లలో స్వరం నడిచే దారిలో ఫిల్మ్ రకం, పికోఫ్యారడ్లకు సీ0జీ సెరామిక్, విద్యుత్ సరఫరాకు 16 వోల్టులో 25 వోల్టులో రాసి ఉన్న ఎలక్ట్రోలైటిక్ వాడు. వాటి మీది 104 అంటే 0.1 మైక్రోఫ్యారడ్, 473 అంటే 47 నానోఫ్యారడ్. చౌకరకం సెరామిక్ కండెన్సర్‌ను (కెపాసిటర్‌కు మా తరం నోట ఆ మాటే వస్తుంది) వేలుగోటితో తడితే ఆంప్‌లో టకటక వినిపిస్తుంది.

సరఫరా విషయంలో పట్టింపుగా ఉండు. పెడళ్ల అడాప్టర్ పిన్నులో మధ్య భాగం మైనస్, ఎక్కువ ఇతర పరికరాల్లో ప్లస్; పొరపాటున తారుమారైతే ఐసీ ప్రాణం పోతుంది కనుక దారిలో 1ఎన్5817 డయోడ్ ఒకటి వేయి. అది తినేది పావు వోల్టు మాత్రమే. 9 వోల్టులను రెట్టింపు చేయడానికి మ్యాక్స్1044 వాడే సర్క్యూట్‌లకు ఇంకో గండం ఉంది: ఆ ఐసీ 10.5 వోల్టులకు మించి ఓర్చదు, రెగ్యులేటర్ లేని అడాప్టర్లు మీద 9 అని రాసి ఉన్నా భారం లేనప్పుడు 12 దాటుతాయి. పైగా దాని ఒకటో కాలును ఎనిమిదో కాలుకు కలపకపోతే అది కొట్టుకునే వేగం చెవికి వినిపించే పరిధిలో ఉండి, గిటార్ వెనకాల సన్నటి ఈల వినిపిస్తుంది.

టంకం గురించి ఎక్కువ చెప్పను, చేతితో చేస్తేనే వస్తుంది. 350 డిగ్రీల మొన, రోజిన్ ఉన్న తీగ, అతుకుకు రెండు మూడు క్షణాలు. తొమ్మిది కాళ్ల త్రీపీడీటీ కాలి స్విచ్ దగ్గర మాత్రం ఒక కాలు చల్లారాక ఇంకోదానికి వెళ్లు, లేకపోతే లోపలి ప్లాస్టిక్ కరిగి స్విచ్ మొరాయిస్తుంది.

పని పూర్తయినా శబ్దం రాకపోతే కంగారుపడి ఏదీ ఊడదీయవద్దు. ఒక పాత గిటార్ కేబుల్‌ను ఒకవైపు కోసి, కవచపు తీగను పెడల్ గ్రౌండ్‌కు క్లిప్పుతో తగిలించి, నడిమి తీగ కొసకు 0.1 మైక్రోఫ్యారడ్ కెపాసిటర్ అతికించు. కేబుల్ రెండో కొసను ఆంప్‌కు పెట్టి వాల్యూమ్ బాగా తగ్గించు. పెడల్ ఇన్‌పుట్‌కు ఫోన్ నుంచి ఏదైనా పాట పంపి, ఆ కెపాసిటర్ కాలుతో ఇన్‌పుట్ జాక్ దగ్గర తాకు, పాట వినబడుతుంది. అక్కడి నుంచి ఇన్‌పుట్ కెపాసిటర్ అవతలి వైపు, బేస్, కలెక్టర్, ఇలా ఒక్కో అడుగూ ముందుకు జరుపుకుంటూ వెళ్లు. పాట ఎక్కడ ఆగిపోయిందో దానికీ అంతకు ముందు తాకిన చోటుకూ మధ్యనే తప్పు ఉంటుంది. ఇది 9 వోల్టుల పెడళ్లకు మాత్రమే. గోడ కరెంటుతో నడిచే ఆంప్ లోపల, ముఖ్యంగా వాల్వులున్న వాటిలో, వందల వోల్టులు ఉంటాయి కనుక అక్కడ దీన్ని ముట్టించవద్దు.

బూస్టర్‌ను బ్రెడ్‌బోర్డు మీద అమర్చాక బేస్, ఎమిటర్, కలెక్టర్ వోల్టేజీలు మూడూ, ఆ క్షణంలో బ్యాటరీ చూపించిన వోల్టేజీ నాకు రాసి పంపు. జర్మేనియం ట్రాన్సిస్టర్లు నా డబ్బాలో కొన్ని ఉన్నాయి. నీ అంకెలు చూశాక లీకేజీ తక్కువ ఉన్న జతను కొలిచి, ఒక్కోదాని గెయిన్ చీటీ మీద రాసి పంపుతాను.

ఇట్లు,
నీ మామయ్య